120 మీటర్ల భూగర్భ కేబులు: ఒక వానాకాలం గడిచాక నా రివ్యూ

నమస్కారం. నేను ఇప్పుడు మా గేటు పక్కన, కరెంటు మీటరు దగ్గర ఉన్నాను. అదిగో, కొబ్బరి చెట్ల వెనకాల పెంకుటిల్లు కనిపిస్తోందా? ఇక్కడి నుంచి సరిగ్గా 120 మీటర్లు. అమ్మానాన్నలు ఉండేది అందులోనే. కిందటి వేసవిలో ఈ దూరమంతా నేలలో ఆర్మర్డ్ కేబులు, అంటే ఉక్కు కవచం ఉన్న కేబులు, వేయించాను. వానలన్నీ కురిసి వెలిశాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైంది.

అంతకుముందు ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్లాస్టిక్ గొట్టంలో, అడుగు లోతున. వేసినాయన "ఇంటి లోడుకు ఇది చాలులెండి" అన్నారు. దూరం సంగతి ఆయన అడగలేదు, మాకూ తట్టలేదు. ఆ తీగ నిరోధం కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. అందుకే లెక్కలోకి 240 మీటర్లు తీసుకోవాలి. అంటే దాదాపు 1.8 ఓములు. గీజరూ మోటారూ కలిసి 15 ఆంపియర్లు లాగితే 27 వోల్టులు దారిలోనే పోయేవి. తెల్లవారుజామున నాన్న మోటారు వేయగానే వంటింట్లో అమ్మ తల మీద బల్బు మసకబారేది. మోటారు మూలుగుతూ తిరిగేది. చివరికి ఒకరోజు వైండింగు కాలిపోయింది.

కొత్త కేబులులో మిగిలిన ముక్క ఇది. కోసిన చివర దగ్గరగా చూపిస్తాను. లోపల రెండు అల్యూమినియం కోర్లు, ఒక్కొక్కటి 16 చదరపు మిల్లీమీటర్లు. వాటికి ఎరుపు, నలుపు ఎక్స్‌ఎల్‌పీఈ (వేడికి తట్టుకునే ఒక రకం ప్లాస్టిక్) తొడుగులు. వాటి మీద పీవీసీ పొర, దాని చుట్టూ జింకు పూత ఉన్న ఉక్కు కవచం, అన్నిటికీ పైన ఈ నల్లటి తొడుగు. నిరోధం కిలోమీటరుకు 1.91 ఓములు. నిన్న ఉదయం కొలిచాను. మీటరు దగ్గర 228 వోల్టులు, అక్కడ గీజరూ మోటారూ రెండూ నడుస్తుండగా 221. పోయింది ఏడే!

కందకం 75 సెంటీమీటర్ల లోతు తవ్వించాం. అడుగున ఇసుక, కేబులు, మళ్లీ ఇసుక, దాని మీద ఇటుకల వరుస, ఆపైన హెచ్చరిక టేపు. తర్వాతే మట్టి. పూడ్చే ముందు మెగ్గరుతో, అంటే తొడుగులోంచి కరెంటు లీకవుతుందేమో చూసే పరికరంతో, పరీక్ష చేయించాను. మట్టి కప్పాక లోపం బయటపడితే మళ్లీ అంతా తవ్వాలి.

నచ్చనిది కూడా చెప్పాలి. ఈ కేబులు చాలా బిరుసు. మందానికి 12 రెట్ల వ్యాసార్థం కన్నా తక్కువలో వంచకూడదు కాబట్టి బావి దగ్గర మలుపులో కందకాన్నే గుండ్రంగా తవ్వాల్సి వచ్చింది. పైగా అల్యూమినియం చివరను రాగితో నేరుగా కలపకూడదు, తుప్పు పట్టి వేడెక్కుతుంది. ద్విలోహ లగ్గులే (ఒకవైపు అల్యూమినియం, మరోవైపు రాగి ఉన్న కొక్కేలు) వాడాలి.

అన్నిటికన్నా నేను పట్టుబట్టింది ఎర్తింగు విషయంలో. పాత తీగ ఉన్నప్పుడు ఒక వానరోజు అమ్మ కుళాయి పట్టుకుంటే చేతికి షాకు కొట్టింది. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇప్పుడు ఉక్కు కవచాన్ని గ్లాండుతో (కేబులు చివరను పట్టి ఉంచే లోహపు బిగింపుతో) బిగించి ఎర్తుకు కలిపించాను, కందకంలో విడిగా జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ వేయించాను, ఆ ఇంటి దగ్గర ఎర్తు గుంత తీయించాను, లోపల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించాను. దయచేసి డబ్బు మిగల్చాలని వీటిలో దేన్నీ వదలకండి. పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కేబులు వెళ్లిన దారి పొడవునా ఇలా రాళ్లు పాతించాను. ఏ రాయి ఎక్కడుందో కొలతలతో గీసిన పటం, ఇదిగో, మీటరు పెట్టె తలుపు లోపలివైపు అతికించి ఉంది. రేపు నాన్న కొత్త కొబ్బరి మొక్కలకు గుంతలు తవ్విస్తారు. ముందుగా ఈ పటం చూస్తామన్నారు.