80 వేల అల్ట్రావైడ్ మానిటర్: అనంతపురం ఎండలో పనికొస్తుందా?

అందరికీ నమస్కారం. వీడియో మొత్తం చూసే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తున్నా. మీరు ఎక్కువగా ఆడేది వాలొరెంట్ అనే షూటింగ్ గేమ్ అయితే ఈ అల్ట్రావైడ్ మానిటర్ కొనొద్దు. ఆ గేమ్ 21:9 స్క్రీన్‌ని, అంటే ఎత్తు 9 అయితే వెడల్పు 21 ఉండే ఈ బారు స్క్రీన్‌ని, పూర్తిగా వాడుకోదు, రెండు పక్కలా నల్ల పట్టీలు పెట్టి వదిలేస్తుంది. 27 అంగుళాల 1440పీ మానిటర్ తీసుకుని మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టండి. కథ ఉన్న గేమ్‌లు, రేసింగ్, ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్లు మాత్రం ఉండండి, మాట్లాడుకుందాం.

ఇదిగో, ఇదే. 34 అంగుళాలు, 3440 బై 1440, 175 హెర్ట్జ్, వంపు తిరిగిన క్యూడీ-ఓఎల్ఈడీ, అంటే వెనక బ్యాక్‌లైట్ లేకుండా ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం. బ్రాండ్ పేరు కావాలనే చెప్పట్లేదు. క్యూడీ-ఓఎల్ఈడీ ప్యానెల్ తయారుచేసేది శాంసంగ్ డిస్‌ప్లే ఒక్కటే. 2022లో డెల్ వాళ్ల గేమింగ్ బ్రాండ్ ఏలియన్‌వేర్ దాన్ని ఈ సైజు గేమింగ్ మానిటర్‌గా తెచ్చింది. ఆ తర్వాత మిగతా కంపెనీలు కూడా అదే రకం ప్యానెల్‌కి తమ స్టాండు, తమ లైట్లు తగిలించి అమ్మడం మొదలుపెట్టాయి. ఆఫర్లను బట్టి ధరలు మారుతుంటాయి.

34 అనగానే చాలామంది అన్ని వైపులా పెద్దది అనుకుంటారు. టేపు పెట్టి చూపిస్తా, చూడండి. ఎత్తు 13 అంగుళాల చిల్లర. 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తూ అంతే. పెరిగిందంతా పక్కలకే, ఓ ఎనిమిది అంగుళాలు. అందుకే రెండున్నర అడుగుల కంప్యూటర్ టేబుల్ మీద పెడితే అంచులు బయటికి వేలాడుతున్నాయి, స్పీకర్లకి చోటే లేదు.

పిక్సెల్స్ లెక్క కూడా చూడండి. ఫుల్ హెచ్‌డీకి 20 లక్షల 70 వేలు. దీనికి 49 లక్షల 50 వేలు. ఇప్పుడు ఫుల్ హెచ్‌డీలో హాయిగా నడుస్తున్న మీ కార్డు ఇక్కడ రెండింతలకి పైగా బొమ్మ గీయాలి. పిండి కొద్దీ రొట్టె. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 4060 లాంటి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని దీన్ని కొంటే, కొత్త గేమ్‌లలో సెట్టింగ్స్ దించుకుంటూ కూర్చోవాలి. బొమ్మని చిన్నగా గీసి ఏఐతో పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ కొంత ఆదుకుంటుంది గానీ, 80 వేల మానిటర్‌కి ఆ సర్దుబాటు ఎందుకు?

సరే, బాగున్నది చెప్తా. సైబర్‌పంక్ 2077లో రాత్రిపూట కారు నడపండి. రోడ్డు తడిగా ఉంటుంది, నియాన్ బోర్డు వెలుగు నీళ్లలో పడుతుంది, దాని పక్కనే సందు కటిక చీకటి. మామూలు ఎల్‌సీడీ రకమైన ఐపీఎస్ ప్యానెల్‌లో ఆ చీకటి బూడిద రంగులో కనిపిస్తుంది, ఎందుకంటే వెనక బ్యాక్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. ఓఎల్ఈడీలో ఆ పిక్సెల్ ఆరిపోతుంది, అంతే. రేసింగ్ గేమ్‌లో పక్క కిటికీలోంచి పక్కకొచ్చిన బండి కనబడుతుంది. ఇది ఒకసారి అలవాటైతే 27 అంగుళాలు ఇరుకుగా అనిపిస్తాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇప్పుడు అసలు సంగతి. కెమెరా అలాగే ఉంచి, ఈ పడమటి కిటికీ పరదా తీస్తున్నా. మధ్యాహ్నం మూడు, బయట ఎండ దంచుతోంది. స్క్రీన్ మీద నల్ల బొమ్మే ఉంది, చూడండి ఏమైందో. నలుపు కాస్తా ఊదా కలిసిన బూడిద రంగు అయిపోయింది. ఈ ప్యానెల్ పైన బయటి వెలుగుని అడ్డుకునే పోలరైజర్ పొర ఉండదు. అందువల్ల గదిలోని వెలుగు లోపలికెళ్లి తిరిగి మన కళ్ల మీదికే వస్తుంది. పరదా వేశా, నలుపు తిరిగొచ్చింది. మీరు డబ్బు పోసి కొన్నదే ఆ నలుపు. పగటిపూట కిటికీలు తెరిచి ఆడుకునే గది అయితే దీనికి సగం డబ్బు దండగ. మందపాటి పరదాల ఖర్చు కూడా బిల్లులో రాసుకోండి.

ఎండతో పాటు వేడి కూడా ఉంది. మానిటర్ల మాన్యువల్‌లో వాడే ఉష్ణోగ్రత సాధారణంగా 40 డిగ్రీల వరకే అని ఉంటుంది. మన ఏప్రిల్, మే సంగతి నేను చెప్పాలా? వేడికి ఓఎల్ఈడీ త్వరగా అరుగుతుంది. దుమ్ము పట్టిందని భుజం మీది టవల్ తీసి పొడిగా రుద్దేయకండి, పైన పూతకి గీతలు పడతాయి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో, ఒత్తకుండా తుడవండి.

ఇంకోటి, ఆట అయిపోగానే గోడ మీది స్విచ్ ఆపేసే అలవాటు మనందరికీ ఉంది. ఓఎల్ఈడీకి అది మంచిది కాదు. స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది పిక్సెల్ రిఫ్రెష్, అంటే పిక్సెల్స్ అరుగుదలని సరిచేసుకునే పని, చేసుకుంటుంది. బర్న్-ఇన్, అంటే కదలని బొమ్మ స్క్రీన్ మీద శాశ్వతంగా అచ్చు పడిపోవడం, తగ్గడానికి అదే మందు. కరెంటు పోతే ఎలా అంటారా? 600 వీఏ యూపీఎస్ అంటే దాదాపు 360 వాట్లు. మంచి కార్డున్న గేమింగ్ పీసీ ఆట మధ్యలో దాన్ని దాటేస్తుంది, యూపీఎస్ కీచుమని ఆగిపోతుంది.

ఐపీఎల్ రెండు నెలలూ దీంట్లోనే చూస్తానంటే నేను వద్దంటా. క్రికెట్ వచ్చేది మామూలు టీవీ ఆకారమైన 16:9లో. రెండు పక్కలా నల్ల పట్టీలు, కింద కదలని స్కోరు పట్టీ. అచ్చు పడే ప్రమాదం అక్కడే. పీఎస్5, ఎక్స్‌బాక్స్ కూడా 21:9 ఇవ్వవు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముళ్లకి ఈ వెడల్పు బాగా పనికొస్తుంది, టైమ్‌లైన్ బారుగా కనబడుతుంది. కానీ రోజంతా కదలని టూల్‌బార్లు ఉంటాయి కాబట్టి 34 అంగుళాల ఐపీఎస్ తీసుకోండి, దాదాపు సగం ధరకే వస్తుంది. పైగా ఈ ఓఎల్ఈడీ ప్యానెల్‌లో సబ్‌పిక్సెల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు, మూడుమూలలుగా అమర్చి ఉంటాయి. తెల్ల పేజీలో తెలుగు టైప్ చేసి దగ్గరగా చూడండి. ఒత్తుల అంచుల్లో సన్నగా పచ్చ, గులాబీ రంగులు కనబడతాయి. గేమ్‌లో తెలియదు, ఆల్బమ్ పేర్లు దిద్దేటప్పుడు చిరాకు పెడుతుంది.

కొనాలనే నిర్ణయించుకుంటే, పాత ధరలు చూసి మోసపోకండి. 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. మన అనంతపురం సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల ఇలాంటిది డెమోకి పెట్టిన షాపు నాకు కనబడలేదు. కళ్లతో చూసి కొనాలంటే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు వైపు అడగండి. ఆన్‌లైన్‌లో అయితే వారంటీ కాగితంలో బర్న్-ఇన్ అనే మాట ఉందో లేదో, ఇంటికొచ్చి సర్వీసు చేస్తారో లేదో ముందే చదవండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. ఎరుపు, పచ్చ, నీలం, తెలుపు, బూడిద రంగులు ఒక్కొక్కటి ఫుల్ స్క్రీన్ పెట్టి చచ్చిన పిక్సెల్స్ ఉన్నాయేమో రిటర్న్ గడువులోపే చూసుకోండి. ఆ డబ్బా, థర్మోకోల్ పాత సామాన్లోడికి వేసేయకుండా అటక మీద పెట్టండి. రేపు సర్వీసుకి పంపాల్సి వస్తే ఈ వంపుకి సరిపోయే డబ్బా బయట దొరకదు.