‘టోటల్ 186 అండీ, నార్మలే కదా?’: కొలెస్ట్రాల్ మీద చర్చా కార్యక్రమం

(స్టూడియోలో యాంకర్‌తో పాటు ఒక కార్డియాలజిస్టు, ఒక న్యూట్రిషనిస్టు, రెండుసార్లు స్టెంటు వేయించుకున్న ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. మాటలు మాట్లాడినట్టే ఉంచాం, అందరూ ఒకేసారి మాట్లాడిన చోట మాత్రం కాస్త సర్దాం.)

యాంకర్: నమస్కారం. ఈరోజు పరిచయాలు తగ్గించేద్దాం, ఎందుకంటే మాస్టారు మేకప్ రూంలో కూడా వదలకుండా ఒక కాగితం పట్టుకుని కూర్చున్నారు. ముందు అదేంటో చెప్పండి మాస్టారూ.

మాస్టారు: (మడతలు విప్పుతూ) ఇదమ్మా, పదేళ్ల కిందటి రిపోర్టు. మడతల దగ్గర చిరిగిపోతుంటే మా ఆవిడ సెల్లోటేపు అంటించింది. టోటల్ కొలెస్ట్రాల్ 186 అని ఉంది, పక్కన 200 లోపు ఉండాలి అని ఉంది. నేను లెక్కల మాస్టార్ని, 200 కన్నా 186 తక్కువని నాకు తెలీదా? పాసైపోయాననుకుని ధైర్యంగా తిరిగాను. నాలుగు నెలలకి, క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నా. చాక్‌పీసు చేతిలోంచి జారి పడింది, వంగి తీద్దామంటే లేవలేకపోయా. అప్పుడు నాకు 52.

యాంకర్: ఛాతీలో నొప్పి రాలేదా?

మాస్టారు: రాలేదమ్మా. చెమటలు మాత్రం చొక్కా పిండితే కారేంత పట్టాయి. పిల్లలే పక్క క్లాసు టీచర్ని పిలుచుకొచ్చారు.

డాక్టర్: మాస్టారు చేసిన పనే అందరూ చేస్తారు. పై లైను చదివి కాగితం మడిచేస్తారు. కింద ఇంకో మూడు లైన్లుంటాయి, అవి చదవండి మాస్టారూ.

మాస్టారు: హెచ్‌డీఎల్ 32. ట్రైగ్లిజరైడ్లు 180. ఎల్‌డీఎల్ 118.

డాక్టర్: మంచి కొలెస్ట్రాల్ అంటామే, ఆ హెచ్‌డీఎల్ మగవాళ్లకి కనీసం 40 ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 150 లోపు ఉండాలి. మీకు రెండూ తేడాగానే ఉన్నాయి. ఇప్పుడు 186లోంచి 32 తీసేయండి.

మాస్టారు: 154.

డాక్టర్: అదీ అసలు లెక్క. నాన్-హెచ్‌డీఎల్ అంటారు. కొన్ని ల్యాబులు వేస్తాయి కూడా, చూసేవాళ్లే ఉండరు. రక్తనాళం గోడలోకి దూరే సరుకంతా ఆ 154లోనే ఉంది. మీ హెచ్‌డీఎల్ తక్కువ కాబట్టి టోటల్ కూడా తక్కువ కనబడింది, దాన్ని చూసి మీరు సంతోషపడ్డారు.

యాంకర్: కానీ డాక్టర్ గారూ, చెడు కొలెస్ట్రాల్ అంటారే, ఆ ఎల్‌డీఎల్ 118 అంటే మరీ కొంపలు మునిగే నంబరేం కాదు కదా?

డాక్టర్: ఇక్కడే మనవాళ్లకి ఒక తిరకాసు ఉంది. రెండు బియ్యం బస్తాలు తీసుకోండి, రెండూ 25 కిలోలే. ఒకదాంట్లో లావు బియ్యం, ఇంకోదాంట్లో సోనా మసూరి. బరువు ఒకటే, గింజలు ఎందులో ఎక్కువ? సన్న బియ్యంలోనే కదా. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువై, హెచ్‌డీఎల్ తగ్గిన మనుషుల్లో ఎల్‌డీఎల్ కణాలు అలా సన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. రిపోర్టు మీద వేసేది బస్తా బరువు. నాళం గోడలోకి దూరేవి గింజలు. మన దేశంలో చాలామందిది ఈ సన్న బియ్యం వాటమే. అందుకే ‘కొలెస్ట్రాల్ పెద్దగా లేదండీ, ఎటాక్ ఎలా వచ్చింది’ అని ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోతారు.

యాంకర్: మనవాళ్లకి చిన్న వయసులోనే వస్తోందంటారు. అది నిజమేనా, లేక టీవీల్లో మేమే భయపెడుతున్నామా?

డాక్టర్: (నవ్వుతూ) మీరు భయపెడుతున్నారు, అదీ నిజమే. కానీ లెక్క ఉంది. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. దాన్ని నడిపిన సలీం యూసుఫ్ గారు కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడినవారే. అందులోని దక్షిణాసియా వాళ్ల వివరాలు 2007లో విడిగా ప్రచురించారు. మొదటి గుండెపోటు మనవాళ్లకి సగటున 53 దగ్గర, మిగతా దేశాల వాళ్లకి 59 దగ్గర వచ్చింది. అంటే దాదాపు ఆరేళ్లు ముందే. సరే, మన రక్తమే అంత అని చేతులు దులుపుకోవడానికి లేదు. పొగాకు, షుగరు, బీపీ, బొజ్జ, ఈ కొవ్వుల తేడా, ఇవన్నీ మనకి చిన్న వయసులోనే మొదలవుతున్నాయి, ఆ ఆరేళ్ల తేడాలో పెద్ద వాటా వాటిదేనని కూడా అదే అధ్యయనం చెప్పింది. అమెరికా డాక్టర్లయితే 2018 నుంచి, మనిషి దక్షిణాసియా మూలాలవాడైతే చాలు, దాన్నే ముప్పు పెంచే అంశంగా లెక్కేసుకుంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మనవాడికైనా అంతే.

మాస్టారు: నేను సన్నగా ఉండేవాణ్నండీ. సిగరెట్ లేదు, మాంసం లేదు. ‘నీకేంటి, పుల్లలా ఉన్నావు’ అనేవాళ్లు అందరూ.

న్యూట్రిషనిస్టు: పొట్ట?

మాస్టారు: అది... కొంచెం.

న్యూట్రిషనిస్టు: (నవ్వు) కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, నడుము దగ్గర కుండ. మన దగ్గర మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే ఆలోచించాల్సిందే, కాటా ఏం చెప్పినా సరే. ఇక మాంసం ముట్టం అంటారు కదా, పొద్దున ఇడ్లీనో ఉప్మానో, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, సాయంత్రం మళ్లీ పునుగులో మిర్చి బజ్జీయో, రాత్రి మళ్లీ అన్నం. పప్పు చూస్తే నీళ్లలా ఉంటుంది. ఒంటికి అక్కర్లేని ఆ పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చేస్తుంది, మాస్టారి 180 ట్రైగ్లిజరైడ్లు చాలావరకు అక్కడివే. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, తినే కేలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దంది. మన ఇళ్లలో లెక్క తీస్తే చాలాచోట్ల అది ఎప్పుడో దాటిపోతుంది.

యాంకర్: మరి నూనె సంగతి? అందరూ ఏ నూనె మంచిది అనే అడుగుతారు.

న్యూట్రిషనిస్టు: నేను ఏ నూనె అని తర్వాత అడుగుతాను, క్యాను ఎన్ని రోజులు వస్తోందని ముందు అడుగుతాను. మాస్టారూ, మీరే వేయండి లెక్క. అయిదు లీటర్ల క్యాను, నలుగురు మనుషులు, నెల రోజులు.

మాస్టారు: అయిదు వేలని 120తో భాగిస్తే... మనిషికి రోజుకి 42 మిల్లీలీటర్లు.

న్యూట్రిషనిస్టు: తూస్తే 38 గ్రాములు. రెండు వేల కేలరీల తిండికి ఆ సంస్థ పెట్టిన నూనె 27 గ్రాములు. పైగా బయట తిన్న పునుగులు ఈ 38లో లేవు. అవి ఎక్కువగా పామాయిల్లో వేగుతాయి, దాంట్లో సగం సంతృప్త కొవ్వే, అది ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. దేశంలో ఆయిల్ పామ్ ఎక్కువగా పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, రైతుకి మంచిదే, కాదనను, కానీ గుండె లెక్క వేరు. ఇంకోటి, వేరుశనగ నూనె ప్యాకెట్ మీద జీరో కొలెస్ట్రాల్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు చూశారా? మొక్కకి కొలెస్ట్రాల్ ఎక్కడిదండీ! నీళ్ల సీసా మీద ‘ఎముకలు లేనిది’ అని రాసినట్టు ఉంటుంది.

యాంకర్: గుడ్డు?

న్యూట్రిషనిస్టు: పెద్ద గుడ్డులో కొలెస్ట్రాల్ దాదాపు 186 మిల్లీగ్రాములు, మాస్టారి నంబరే! (నవ్వులు) కానీ ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒళ్లే తయారు చేసుకుంటుంది. రోజుకో గుడ్డు చాలామందికి ఇబ్బంది కాదు. పచ్చసొన తీసి పక్కన పెట్టి, తెల్లసొనతో పాటు నాలుగు గారెలు లాగించేవాళ్లని చూశాను నేను.

యాంకర్: మాస్టారూ, మొదటి స్టెంటు తర్వాత రెండోది ఎందుకు పడింది?

మాస్టారు: అది నా తెలివి. మాత్ర ఇచ్చారు, వేసుకున్నాను. ఆరు నెలలకి ఎల్‌డీఎల్ 58కి దిగింది. జబ్బు తగ్గాక మందెందుకు అనుకున్నా. ఈలోగా వాట్సాప్‌లో ఒకటి వచ్చింది, ఈ మాత్రలు లివర్‌ని తినేస్తాయని. మానేసి పొద్దున్నే వెల్లుల్లి, అవిసె గింజలు. పద్నాలుగు నెలలు హాయిగా గడిచింది. తర్వాత మళ్లీ అదే దవడ. అప్పటి స్ట్రిప్పులో ఆరు మాత్రలు మిగిలిపోయాయి, ఎక్స్‌పైరీ అయిపోయినా మా ఆవిడ పారేయలేదు, బీరువాలో పెట్టింది. నేనెప్పుడైనా గొంతు పెంచితే తీసుకొచ్చి బల్ల మీద పెడుతుంది.

డాక్టర్: ఫ్యాను వేస్తే చెమట ఆరింది, ఆరిపోయింది కదా అని ఫ్యాను కట్టేస్తే ఏమవుతుంది? మాత్ర ఆపిన కొన్ని వారాలకే ఎల్‌డీఎల్ పాత చోటికి వెళ్లిపోతుంది. పూడిక అంటే అందరూ కాలవలో మట్టి పేరుకున్నట్టు ఊహించుకుంటారు. అలా కాదు, అది గోడ లోపల కురుపులా ఉంటుంది. సగం కూడా అడ్డుపడని చిన్న కురుపైనా సరే, చితికితే దాని మీద రక్తం గడ్డకట్టి నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. అందుకే ట్రెడ్‌మిల్ టెస్టు నార్మల్ వచ్చిన మనిషికి కూడా ఎటాక్ వచ్చే అవకాశం ఉంది, ఆ టెస్టు పట్టేది రక్తాన్ని బాగా అడ్డుకునే పూడికల్నే. మాత్ర ఎల్‌డీఎల్‌ని తగ్గించడమే కాదు, ఆ కురుపు చితక్కుండా గట్టిపరుస్తుంది కూడా. భారత కార్డియాలజీ సొసైటీ 2024లో లక్ష్యాలు చెప్పింది: మామూలు మనిషికి ఎల్‌డీఎల్ 100 లోపు, ముప్పు ఎక్కువున్నవాళ్లకి 70 లోపు, ఒకసారి ఎటాక్ వచ్చినవాళ్లకి 55 లోపు. అంటే 58 చూసి మాస్టారు మందు మానేసిన రోజుకి, ఇవాల్టి లెక్క ప్రకారం ఆయన ఇంకా ఆ గీత కిందకి దిగనే లేదు.

యాంకర్: కానీ కొలెస్ట్రాల్ తగ్గించే ఈ మాత్రల మీద, అదే స్టాటిన్ల మీద, భయం ఊరికే రాలేదు కదండీ. ఒళ్లు నొప్పులు, షుగర్ వస్తుందని...

డాక్టర్: దాచడానికేం లేదు. షుగర్ అంచున ఉన్నవాళ్లలో కొందరు ఈ మాత్రల వల్ల కాస్త ముందుగా షుగర్‌లోకి వెళ్తారు, నిజమే. అయినా గుండెకి జరిగే మేలు అంతకన్నా పెద్దది. ఇక నొప్పులు. ఇంగ్లండులో 60 మంది మీద ఒక పరీక్ష చేశారు, అందరూ అంతకుముందు ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసినవాళ్లే. కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏ మాత్రా లేకుండా, ఏది వేసుకుంటున్నారో చెప్పకుండా ఇచ్చారు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. నొప్పి అబద్ధం అనడం లేదు నేను, దాని కారణం చాలాసార్లు మాత్ర కాదంటున్నాను. నిజంగా పడనివాళ్లు ఉన్నారు, వాళ్లకి డోసు తగ్గిస్తాం, మందు మారుస్తాం, ఎజిటిమైబ్ అని ఇంకో రకం ఉంది. వచ్చి చెప్పాలి గానీ, ఎవరికీ చెప్పకుండా మానేయకూడదు. ఇంగ్లిష్ మందు అనేవాళ్లకి ఒక మాట, స్టాటిన్ మూలం బూజు! జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన 1970ల్లో వేల రకాల బూజులు వెతికి పట్టుకున్నాడు.

యాంకర్: ఖమ్మం నుంచి ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ, నాకు 51. మా ఆయనకి ఏటా చెకప్ చేయిస్తాం. నాకెప్పుడూ చేయించలేదు. రెండేళ్లయింది నెలసరి ఆగిపోయి. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం, ఊరికే నీరసం. పని ఎక్కువై అనుకుంటున్నా.

డాక్టర్: అమ్మా, ఆయాసం కొత్తగా వచ్చిందంటున్నారు కాబట్టి ఈ వారమే ఈసీజీ తీయించుకుని డాక్టర్‌ని కలవండి, పని మీదకి నెట్టేయకండి. నెలసరి ఆగాక ఎల్‌డీఎల్ పెరుగుతుంది. లిపిడ్ ప్రొఫైల్‌తో పాటు థైరాయిడ్ కూడా చూపించుకోండి, థైరాయిడ్ తక్కువైతే కొలెస్ట్రాల్ దానంతటదే పెరుగుతుంది, అప్పుడు ముందు వైద్యం థైరాయిడ్‌కి. ఆడవాళ్లకి గుండెపోటు చాలాసార్లు ఇలా ఆయాసంగా, వాంతిగా, వెన్నులో నొప్పిగా వస్తుంది. గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెడతారు. అలా ఉన్నట్టుండి వస్తే మాత్రం ఆలోచించకుండా 108.

మాస్టారు: నాదొక ప్రశ్న డాక్టర్ గారూ. మా అబ్బాయికి 31. లైపోప్రోటీన్ ఎ అని టెస్టు చేయించాం, 92 వచ్చింది. వాడు జిమ్ముకి వెళ్తాడు, నూనె ముట్టడు. ఎలా తగ్గించాలి?

డాక్టర్: తగ్గదు మాస్టారూ. అది ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రకం కొలెస్ట్రాల్ కణం, తల్లిదండ్రుల నుంచి వచ్చేది, 50 దాటితే ఎక్కువ కిందే లెక్క. జిమ్ముకీ తిండికీ పెద్దగా లొంగదు. అందుకే జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలంటాం. దాన్ని దింపలేం గనక పక్కనున్న ఎల్‌డీఎల్‌ని ఇంకా కిందకి దించుతాం. అబ్బాయిని ఒకసారి తీసుకురండి, తిట్టకుండా తీసుకురండి. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చిందంటే, ఆ ఇంట్లో మిగతావాళ్లు తమకేదో వచ్చేదాకా ఆగకూడదు. అసలైతే పద్దెనిమిదేళ్లకే ఒకసారి చూపించుకోమని మన సొసైటీ సూచన.

యాంకర్: (కాసేపు ఆగి) మా నాన్నగారికి 49కి వచ్చింది.

డాక్టర్: మీకెంత వయసమ్మా?

యాంకర్: 34.

డాక్టర్: ఎప్పుడైనా చూపించుకున్నారా?

యాంకర్: లేదండీ. షూటింగులు... పొద్దున్నే పరగడుపున రావాలంటే కుదరడం లేదు.

డాక్టర్: పరగడుపు అక్కర్లేదు, మొదటిసారికి తిన్నాక ఇచ్చినా సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ వస్తేనే మళ్లీ పరగడుపున పిలుస్తారు.

యాంకర్: అయితే రేపు షూటింగు అయ్యాక...

మాస్టారు: రేపు ఎందుకమ్మా, ఇందాక కిందకి దిగితే మీ ఆఫీసు పక్కనే ల్యాబు కనబడింది. ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుందని బోర్డు మీద ఉంది, నేను చదివాను.