ఊపిరితిత్తుల్లో బూజు, కిడ్నీల బెంగ

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ల్యాబ్ టెక్నీషియన్లే ఎక్కువ కాబట్టి, మీకు అలవాటైన టీబీ పరీక్ష సీబీనాట్‌తోనే మొదలుపెడతాను. తెమడలో టీబీ ఉందా, ఉంటే రిఫాంపిసిన్ అనే మందుకు లొంగుతుందా అన్నది అది రెండు గంటల్లో చెప్పేస్తుంది. క్రిమి పెరిగేదాకా ఆగదు, జన్యువులో మార్పునే పట్టుకుంటుంది. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజుకూ అలాంటి పరీక్షలు వచ్చాయి.

ఈ బూజు గడ్డివాములో ఉంటుంది, పెంటకుప్పలో ఉంటుంది. మనం రోజూ పీలుస్తూనే ఉన్నాం. కీమో తీసుకునేవాళ్లు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, చాలా రోజులు స్టెరాయిడ్లు వాడినవాళ్లలో మాత్రం ఊపిరితిత్తుల్లోకి చొచ్చుకుపోతుంది. ముందుగా ఇచ్చే మందు వొరికొనజోల్. అది పనిచేస్తుందో లేదో కల్చర్‌తో, అంటే బూజును ప్లేటులో పెంచి, తేల్చాలంటే రోజులు పడుతుంది. అన్ని రోజులు రోగి ఆగలేడు.

ఈ మందు ఎన్నడూ మింగని మనిషిలోనూ దానికి లొంగని మొండి బూజు దొరుకుతోంది. అది పొలాల్లోనే మొండికేసి ఉండొచ్చు. వరిలో పాముపొడ తెగులుకు కొట్టే హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ కూడా వొరికొనజోల్ లాగే అజోల్ కుటుంబానివే మరి. మన దేశపు మట్టిలో ఇలాంటి బూజు ఉందని 2012లోనే పరిశోధకులు రాశారు.

‘ఎందుకొచ్చిన గొడవ, బూజుకు ఇచ్చే ఇంకో మందు ఆంఫోటెరిసిన్ ఎక్కించేద్దాం’ అంటారా? ఇంకోచోటైతే నేను అంతగా అడ్డుచెప్పను. కానీ మనకు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఉంది. కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చిన మనిషికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా ఆ మందు ఎలా రాస్తాం? అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మందును కొవ్వు బుడగల్లో చుట్టిన లైపోసోమల్ రకం కొంత నయం, అంతే.

పరీక్ష సంగతికొస్తే, బ్రాంకోస్కోపీలో, అంటే గొట్టం లోపలికి పంపి, ఊపిరితిత్తిని సెలైన్‌తో కడిగిన నీళ్లు తీసి పీసీఆర్ పెడతారు. అజోల్ మందులు గురిపెట్టే ప్రొటీన్‌ను తయారుచేసే సిప్51ఏ జన్యువులో, బూజును మొండిగా మార్చే టీఆర్34, టీఆర్46 లాంటి మార్పులు ఉంటే కొన్ని గంటల్లో తెలుస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. బూజు ఉనికిని పట్టే రైబోసోమ్ జన్యువు ఒక్కో కణంలో పదుల కాపీలుంటుంది. సిప్51ఏ మాత్రం ఒక్కటే. అందుకే కొన్ని శాంపిళ్లలో బూజు దొరుకుతుంది కానీ మార్పు సంగతి తేలదు. పైగా కిట్ తనకు తెలిసిన మార్పులనే చూస్తుంది.

కాబట్టి రిపోర్టులో ‘మార్పు లేదు’, ‘చూడలేకపోయాం’ అన్న రెండింటినీ కలిపేయకండి. రెండోది వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. కల్చర్ ప్లేటు మాత్రం ఎలాగూ పెట్టే ఉంచండి.