అపొల్లోనియస్ పేరు ఎవరు నిలబెట్టారు?

నమస్కారం. "యేసుక్రీస్తు అని ఎవరూ లేరు, ఆయన అసలు అపొల్లోనియస్" అనే మాట వీడియోల్లో తెగ తిరుగుతోంది. అది ఎక్కడ తేలిపోతుందో చూద్దాం.

అపొల్లోనియస్ ఒక గ్రీకు తత్వవేత్త, ఊరు త్యానా. బైబిల్లో కప్పదొకియ అని చదువుతామే, ఆ ప్రాంతంలోది. ఇప్పుడు టర్కీలోని కెమెర్‌హిసార్. కాలం క్రీ.శ. 1వ శతాబ్దం. నడిచింది పైథాగరస్ బాటలో: మాంసం, మద్యం ముట్టడు, నారబట్ట కడతాడు, జంతుబలి కూడదంటాడు, ఐదేళ్లు మౌనవ్రతం పట్టాడని చెబుతారు.

ఈ "చెబుతారు" దగ్గరే జాగ్రత్త కావాలి. ఆయన గురించి మనకు మిగిలిన పెద్ద జీవిత చరిత్ర ఒక్కటే, ఫిలోస్ట్రాటస్ గ్రీకులో రాసిన 8 భాగాల పుస్తకం. రాయమని అడిగింది రోమన్ మహారాణి జూలియా డోమ్నా. 217లో ఆమె చనిపోయాకే అది పూర్తయిందని పండితుల లెక్క. అంటే గురువు పోయి వందేళ్లు దాటిపోయాయి! నీనెవెకు చెందిన దామిస్ అనే శిష్యుడి రాతలు తనకు దొరికాయంటాడు ఫిలోస్ట్రాటస్. ఆ దామిస్ కల్పిత పాత్రేనని చాలామంది పండితులు అంటారు. అపొల్లోనియస్ మన దేశానికి వచ్చిన ఘట్టం చదివితే మీకే అనుమానం వస్తుంది. తక్షశిల రాజు చక్కగా గ్రీకు మాట్లాడతాడు. బ్రాహ్మణులు నేల మీంచి రెండు మూరలు పైకి లేస్తారు. దీన్ని పట్టుకుని "ఆయన భారత్‌లో చదువుకున్నాడు, ఇదే రుజువు" అనడం తప్పు.

మరి పేరు ఎలా నిలిచింది? నా లెక్కలో సగం పుణ్యం ప్రత్యర్థులది. 300 ప్రాంతంలో క్రైస్తవులను హింసిస్తున్న రోజుల్లో, హియెరోక్లెస్ అనే రోమన్ అధికారి యేసుకు పోటీగా అపొల్లోనియస్‌ను నిలబెట్టి ఒక పుస్తకం రాశాడు. అది పోయింది. క్రైస్తవ రచయిత యుసేబియస్ పేరుతో వచ్చిన జవాబు మాత్రం మిగిలింది, అవతలివాడి వాదన మనకు తెలిసేది ఆ జవాబు వల్లే. ఇప్పుడు మొదటి మాటకు రండి. ఇద్దరూ ఒకే మనిషైతే, ఎవరు గొప్ప అని రెండు పక్షాలూ ఎందుకు కొట్లాడుకుంటాయి? 1500 దాటాక వెనిస్‌లో ఆల్డస్ అనే ముద్రాపకుడు ఫిలోస్ట్రాటస్ రాసిన జీవిత చరిత్రను అచ్చు వేసినప్పుడు కూడా, విషంతోపాటు విరుగుడు ఉండాలని ఆ జవాబును జత చేశాడు.

మిగతా సగం మామూలు జనానిది. వాళ్లకు ఆయన తత్వం కన్నా మహిమే కావాలి. అంతియొకయలో తేళ్ల బెడద పోవడానికి కంచు తేలు చేయించి, పాతిపెట్టి, పైన చిన్న స్తంభం నిలబెట్టాడని 6వ శతాబ్దపు చరిత్రకారుడు మలాలస్ రాశాడు. ఇలాంటి కథల మీదుగానే ఆయన అరబ్బీలోకి వెళ్లి "బలీనూస్" అయ్యాడు. రసవాదులు (లోహాలను బంగారం చేయాలని చూసేవాళ్లు) ఈనాటికీ తలచే "పచ్చల ఫలకం" అనే చిన్న రహస్య పాఠం అరబ్బీలో బలీనూస్ పేరు మీద ఉన్న పుస్తకంలోనిదే. అందులో ఆయన త్యానాలో హెర్మెస్ అనే గ్రీకు దేవుడి పేరున్న జ్ఞాని విగ్రహం కింది సొరంగంలోకి దిగబోతే గాలికి దీపం ఆరిపోతుంది. దీపాన్ని గాజుపాత్రలో పెట్టుకోమని కలలో ఒకరు చెబుతారు. అలా దిగితే, లోపల ఒక ముసలాయన చేతిలో ఆ ఫలకం పట్టుకుని కూర్చుని ఉంటాడు.