బెంచ్ ప్రెస్ ఆగిందా? ముందు ప్లేట్లు చూడండి

నల్లగొండ జిమ్ముల్లో కసరత్తు చేసే తమ్ముళ్లకు, నేర్పే అన్నలకు నమస్కారం.

బెంచ్ (పడుకుని రాడ్‌ను చెస్ట్ మీది నుంచి పైకి నొక్కే కసరత్తు) 60 కిలోల దగ్గర ఆగిపోగానే చాలామంది ప్రోగ్రామ్ మొత్తం మార్చేస్తారు. అంతకన్నా ముందు మీ జిమ్ములో అన్నిటికన్నా చిన్న ప్లేటు ఎంతో చూడండి. రెండున్నర కిలోలదైతే, రెండు పక్కలా వేసేసరికి 5 కిలోలు. 60 మీద అది 8 శాతం పైనే! స్క్వాట్‌లో (రాడ్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడంలో) తొడలు, నడుము కలిసి అంత పెంపును మోస్తాయి. బెంచ్‌లో చెస్ట్, భుజాలు, ట్రైసెప్స్ (పై చేయి వెనక కండరాలు) మోయలేవు. 1.25 కిలోల జత తెప్పించండి. అది వచ్చేదాకా రెప్స్ పెంచండి (ఒకసారి దించి లేపితే ఒక రెప్, ఆపకుండా చేసిన రెప్స్ కలిసి ఒక సెట్). 60తో 5 చొప్పున మూడు సెట్లు వస్తుంటే, మూడింటిలోనూ 8 దాకా తెచ్చాకనే 65 వేయండి. అప్పుడు 65తో 5 రెప్స్ వస్తాయి.

ఇగ సపోర్ట్ సంగతి. వెనక నిలబడ్డ దోస్తు వేళ్లు రాడ్‌కు తగిలితే ఆ రెప్ మీది కాదు, నోట్‌బుక్‌లో రాయకండి. మస్తుమందికి ఆగింది బలం కాదు, మొదటి నుంచీ లెక్కే తప్పు.

లెక్క సరిగానే ఉండి కూడా ఆగితే, వారానికి ఒక్క సోమవారమే బెంచ్ చేస్తున్నారేమో చూసుకోండి. కొత్తలో అది సరిపోతుంది, తర్వాత చాలదు. సోమవారం బరువుగా 5 రెప్స్, 4 సెట్లు. గురువారం అందులో 80 నుంచి 85 శాతం బరువుతో 5 రెప్స్, 4 సెట్లు, ప్రతి రెప్‌లో రాడ్‌ను చెస్ట్ మీద ఒక సెకను ఆపి. కింద నుంచి లేవని వాళ్లకు ఈ ఆపడమే మందు. సగం లేచి పైన ఆగేవాళ్లు గురువారం చేతులు భుజాల వెడల్పుకు దగ్గర పెట్టి చేయండి, ట్రైసెప్స్‌కు పని పడుతుంది. ప్రతి సెట్‌లో ఇంకో రెప్ మిగిలుండగానే ఆపాలి. రోజూ ఫెయిలయ్యేదాకా నొక్కితే అలసట పేరుకుంటుంది, బలం పైకి కనబడదు.

యాసంగి వడ్లు వచ్చినప్పుడు కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల బస్తాలు ఎత్తే తమ్ముళ్లున్నారు. అది కూడా వ్యాయామం లెక్కలోకే వస్తుంది. ఆ వారాల్లో బరువు ఉంచి, సెట్లు సగం చేయండి. తిండి కూడా చూసుకోవాలి: 70 కిలోల మనిషికి రోజుకు 110 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి, గుడ్డుకు వచ్చేది 6 గ్రాములే. పళ్లెం నిండా అన్నం, నీళ్ల పప్పుతో అది రాదు. ఒళ్లు తగ్గించుకునే నెలల్లో బెంచ్ ఆగితే బెంగ వద్దు.

ఇవన్నీ సరిచేశాక కూడా మూడు వారాలు కదలకపోతే, ఒక వారం బరువు 10 శాతం దించి, సెట్లు సగానికి తగ్గించండి. తర్వాత పాత బరువుకు రెండున్నర కిలోలు తక్కువతో మొదలుపెట్టండి. భుజం ముందు భాగంలో పోటు ఉంటే మాత్రం జర ఆగి డాక్టరుకు చూపించండి, దాని మీద నొక్కకండి. ఒంటరిగా చేసేరోజు రాడ్‌కు క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుంటే ఒక పక్కకు వంచి ప్లేట్లు జారవిడవచ్చు.