హాట్ టబ్ కొనే ముందు డాబాను చూడండి

శ్రోతలకు నమస్కారం. విజయవాడలోనో గుంటూరులోనో సొంతింట్లో హాట్ టబ్ పెట్టించుకోవాలనుకునే వారి కోసం ఈ నాలుగు మాటలు.

మనవాళ్లు నీళ్లు చిమ్మే జెట్లున్న టబ్బులన్నిటినీ జకూజీ అనే అంటారు గానీ, అవి రెండు రకాలు. బాత్రూములో పెట్టే జెట్ల టబ్బులో స్నానం కాగానే నీళ్లు వదిలేస్తాం. దానికి 250 లీటర్ల గోరువెచ్చని నీళ్లు కావాలి. మన 25 లీటర్ల గీజరు 60 డిగ్రీలకు కాచి చన్నీళ్లు కలిపితే వచ్చేది 70, 80 లీటర్లే. గీజరు మార్చకుండా ఆ టబ్బు కొనడం దండగ.

హాట్ టబ్ అలా కాదు. అవే నీళ్లు రెండు మూడు నెలలుంటాయి. పంపు, ఫిల్టరు, హీటరు వాటిని తిప్పుతూ ఉంటాయి. దీన్ని డాబా మీద పెట్టాలంటే ముందు బరువు లెక్కేసుకోండి. నలుగురు పట్టే టబ్బులో వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. టబ్బు 250 కిలోలు, మనుషులు మరో 280 కిలోలు. ఇదంతా 4 చదరపు మీటర్ల మీద పడితే చదరపు మీటరుకు 380 కిలోల పైమాటే. మామూలు ఇంటి డాబా డిజైన్‌లో మనుషులకు, సామానుకు వదిలేది చదరపు మీటరుకు 150 కిలోలే. స్లాబు వెంటనే కూలకపోవచ్చు. కానీ వంగుతుంది, బీటలిస్తుంది, ఆ బీటల్లోంచి నీరు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సరేననందే అడ్వాన్సు ఇవ్వకండి. పెరట్లో కాంక్రీటు బెడ్డు వేసి పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు.

తర్వాత నీళ్లు. బోరు నీళ్లు కాగితే సున్నం హీటరుకు గారలా పడుతుంది. ఆ గార అడ్డుపడి రాడ్డులోని వేడి బయటికి పోక అది కాలిపోతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు టబ్బులోనే ఉండిపోతాయి. కాబట్టి బోరు నీళ్లే మళ్లీ మళ్లీ కలిపితే నీటి గట్టిదనం, అంటే అందులోని సున్నం పాలు, ఇంకా పెరుగుతుంది. నీళ్లు పరీక్ష చేయించి, కాల్షియం గట్టిదనం 150 నుంచి 250 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉండేలా చూసుకోండి. క్రిములు చావడానికి కలిపే క్లోరిన్ వేడికి, చెమటకు త్వరగా తరిగిపోతుంది. అది 3 పీపీఎం కంటే తగ్గకూడదు, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7 నుంచి 7.8 మధ్య ఉండాలి. క్లోరిన్ తగ్గితే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగి, నురగతో లేచే తుంపర పీల్చినవారికి న్యుమోనియా తెస్తుంది. ఈ ఒక్క విషయంలో బద్ధకం పనికిరాదు.

కరెంటుకు బోర్డు నుంచి విడి లైను లాగించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు, మంచి ఎర్తింగు తప్పనిసరి. ఏసీ పాయింటు నుంచి లాగవద్దు. వెయ్యి లీటర్లను 28 నుంచి 38 డిగ్రీలకు తేవడానికి 3 కిలోవాట్ల హీటరుకు నాలుగు గంటలు, దాదాపు 12 యూనిట్లు పడుతుంది. ధనుర్మాసంలో సరే, రోహిణి కార్తెలో మాత్రం హీటరు ఆపేసినా ఎండకు, పంపు వేడికి నీళ్లు కాగుతూనే ఉంటాయి. 40 డిగ్రీలు దాటితే దిగకూడదు. అందుకే మన ఊళ్లకు చల్లబరిచే వీలున్న హీట్ పంపు, పైన నీడ ఉండాలి. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవారు డాక్టరును అడగనిదే దిగవద్దు.

చోటు కలిసొస్తుందని టబ్బును పిట్టగోడకు ఆనించి పెట్టించకండి. పంపు ఉన్న వైపు కనీసం రెండడుగులు వదలాలి. లేకపోతే చిన్న లీకు కట్టడానికి కూడా నీళ్లన్నీ తోడేసి టబ్బునే జరపాల్సి వస్తుంది.