కొత్తిమీరకి బయల్దేరి వాక్సహాచీలో తేలాం

సుధీర్: అందరికీ నమస్తే. ఈ వారం వీసా స్టాంపింగ్ గురించి మాట్లాడతామని చెప్పాం, గుర్తుందిగా? మాట్లాడట్లేదు. పోయిన శనివారం మా బావ నన్ను కిడ్నాప్ చేశారు.

రవి: స్టీరింగ్ నీ చేతుల్లో ఉంటే కిడ్నాప్ ఏంట్రా?

సుధీర్: అక్క మమ్మల్ని పంపింది కొత్తిమీర, పెరుగు తెమ్మని. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో కారెక్కిన అయిదు నిమిషాలకి ఈయన, "ఎగ్జిట్ తీసుకోకు, తిన్నగా పోనీ" అన్నారు.

రవి: రాత్రంతా వాన పడి వెలిసింది. ఏప్రిల్ నెల, రోడ్డు పక్కన నీలం రంగు బ్లూబానెట్ పూలు. అలాంటి పూట కొట్లో బండి తోసుకుంటూ తిరగబుద్ధి కాలేదు.

సుధీర్: ఆ పూలకి పేరున్న ఎన్నిస్ ఊరికే వెళ్దాం అనుకున్నాం. కానీ పూల సీజన్‌లో అక్కడ సగం డాలస్ ఉంటుంది. పట్టులంగాల్లో పిల్లలు, ట్రైపాడ్‌లతో నాన్నలు. అందుకని దానికి ముందే వాక్సహాచీలో దిగిపోయాం. డాలస్‌కి దక్షిణంగా ఓ 30 మైళ్ళు.

రవి: ఆ పేరు వీడు ఎన్ని రకాలుగా పలికాడో చెప్పమంటారా?

సుధీర్: వద్దు బావా. పేరుకి అర్థం ఏంటంటే కొందరు ఆవు వాగు అంటారు, కొందరు అడవిదున్న వాగు అంటారు. సరే, ఊళ్ళోకి రాగానే ఎదురుగా ఎర్రగా పెద్ద కోట. తీరా చూస్తే కోర్టు!

రవి: ఎలిస్ కౌంటీ కోర్టు. 1897లో పూర్తయింది. జేమ్స్ రైలీ గోర్డన్ అనే ఆర్కిటెక్ట్ గీసిచ్చాడు. ఎర్ర ఇసుకరాయి, గులాబీ రంగు గ్రానైట్, పైన గడియారం గోపురం. మెడ నొప్పి పుట్టేదాకా చూశా.

సుధీర్: మీరు గోపురం చూస్తుంటే నేను మొహాలు చూశా. గుమ్మాల దగ్గర స్తంభాల పైన రాతిలో మనుషుల మొహాలు చెక్కారు. ఓ చోట చక్కటి ఆడపిల్ల మొహం. ఇటు తిరిగితే మూతి వంకర, గుడ్లు ఉరుముతూ ఇంకొకటి. మనకి దిష్టిబొమ్మ ఉంటుంది చూడండి, అలాగ.

రవి: దానికో కథ చెప్తారు. హ్యారీ హెర్లీ అనే శిల్పి, తను బస చేసిన ఇంటావిడ మనవరాలు మేబెల్ ఫ్రేమ్‌ని ప్రేమించాడట. మొదట్లో ఆమె మొహం అందంగా చెక్కాడు. ఆమె కాదన్నకొద్దీ మొహాలు వికారంగా మారిపోయాయట.

సుధీర్: ఈ కాలం అయితే రివ్యూలో ఒక స్టార్ ఇచ్చి ఊరుకునేవాడు!

రవి: నేను మాత్రం నమ్మను. కథ చెప్పడానికి బావుంటుంది, అంతే. నన్ను తొలిచిన ప్రశ్న వేరు. ఇంత చిన్న ఊరికి అంత కోర్టు కట్టే డబ్బు ఎక్కడిది?

సుధీర్: పత్తి అన్నారుగా.

రవి: పత్తే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ దేశంలో పత్తి బాగా పండే కౌంటీల్లో ఇదొకటి. కోర్టు వెనక వీధుల్లో చెక్క నగిషీల ఇళ్ళున్నాయి చూశావూ, జింజర్‌బ్రెడ్ ఇళ్ళంటారు, అవీ ఆ డబ్బే. పుట్టింది నరసరావుపేట పక్కన కాబట్టి నాకు నేల చూడగానే తెలిసింది. అచ్చం మన నల్లరేగడి. తడిస్తే జిగురు, ఎండితే కాలు దిగబడేంత బీటలు.

సుధీర్: మధ్యలో భోజనం సంగతి చెప్పాలి. శనివారం కదా, బావ నీచు ముట్టరు. టెక్సాస్ చిన్న ఊళ్ళో శాకాహారం అంటే మామూలు టెన్షన్ కాదు. చివరికి ఏం దొరికిందో చెప్పండి.

రవి: బెండకాయ! మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు. పైన కరకర, లోపల మెత్తన. కారం ఉంటే మన పెళ్ళి భోజనంలో వడ్డించేయొచ్చు.

సుధీర్: క్యాట్‌ఫిష్ వేయించిన నూనెలోనే వేయించారేమో అని నేను అడగలేదు.

రవి: ఇప్పుడెందుకు చెప్తున్నావురా?

[నవ్వులు]

సుధీర్: సరే, అసలు విషయం. ఈ ఊరి చుట్టూ నేల కింద 87 కిలోమీటర్ల సొరంగం తవ్వాలనుకున్నారని మీలో ఎంతమందికి తెలుసు? సూపర్‌కండక్టింగ్ సూపర్ కొలైడర్. ప్రోటాన్లని రెండు వైపుల నుంచీ పరుగెత్తించి గుద్దించే యంత్రం. 2012లో హిగ్స్ బోసాన్ అనే కణాన్ని పట్టుకున్న, యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాల వాళ్ళ యంత్రం చుట్టుకొలత 27 కిలోమీటర్లే.

రవి: 1988లో ఈ చోటు ఎంచుకున్నారు. దానిక్కూడా నేలే ఒక కారణం. నల్లమట్టి కింద సుద్దరాయి ఉంది. తవ్వడానికి మెత్తగా ఉంటుంది, తవ్వాక కూలదు.

సుధీర్: ఖర్చు అంచనా ఏటికేడు పెరిగింది. 1993 అక్టోబర్‌లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఆపేసింది. అప్పటికే 23 కిలోమీటర్లు తవ్వేశారు, రెండు బిలియన్ డాలర్లు అయిపోయాయి. నా ప్రాజెక్టు క్యాన్సిల్ అయితే ఓ మెయిల్ వస్తుంది. వీళ్ళకి సొరంగం మిగిలింది.

రవి: భూములిచ్చి ఇళ్ళు ఖాళీ చేసిన వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే బాధ. ప్రాజెక్టు కోసమని పొలం ఇస్తాం. తర్వాత ప్రాజెక్టే లేదంటారు.

సుధీర్: ఊరికి పడమర వైపు వెళ్ళి చూశాం. చూడ్డానికి ఏముంది? పొలాలు, కంచె, అవతల రెండు ఆవులు. అడుగున అంత సొరంగం ఉందంటే నమ్మలేం. ఈయన కారు ఆపించి గట్టు దిగి మట్టి చేతిలోకి తీసుకున్నారు.

రవి: వేళ్ళ మధ్య నలిపి చూశా. పత్తికి పనికొస్తుందా లేదా అని.

సుధీర్: పనికొస్తుందని వంద ఏళ్ళ క్రితమే తేలింది బావా! ఆ బూట్లతోనే కారెక్కారు. ఒక్కో బూటుకి కిలో మట్టి. ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. అక్క ముందు కారు మ్యాట్ చూసింది, తర్వాత మా చేతులు చూసింది.

రవి: కొత్తిమీర లేదు.

సుధీర్: పెరుగూ లేదు.